మేనేజరుగారి స్నానం

పిల్లల కేంద్రం, వెనక వంటగది
సోమవారం, పిల్లలు పడుకున్న వేళ

మా పురుగుల డాక్టరమ్మకి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు నీ పురుగుల గురించే. తింటున్నావా, నిద్రపోతున్నావా అన్నది ఒక్క ముక్క లేదు. అయినా కూరల బుట్ట బోర్లించుకుని, దాని మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. ఫోన్ మాత్రం చెయ్యకు తల్లీ. ఫోన్లో నీ గొంతు నాకు ఈగ రొదలా వినిపిస్తుంది. నేను ఊఁ కొడతాను, నువ్వు విన్నాననుకుంటావు. ఇద్దరం ఎందుకు మోసపోవడం?

ఇక్కడ అంతా కులాసా. ఇప్పుడు ముప్ఫై ఒక్క మంది పిల్లలు. తల్లులు మిల్లులో షిఫ్టు దిగేదాకా వాళ్ల ఆకలి నా పూచీ. గుండుపాప అని ఒకతి ఉంది, రెండేళ్లు, బుగ్గలు తప్ప ఇంకేం కనపడవు. రోజూ రెండోసారి పెట్టమని గిన్నెతో నేల మీద మోత మోగిస్తుంది. నా పక్కన కూరలు తరిగే ఆవిడ సంగతి రాశాను కదా, నేను పెట్టిన పేరు నిదానం. అందరూ అదే అంటున్నారు, ఆవిడా పలుకుతోంది. పొద్దున అడిగిన దానికి మధ్యాహ్నం జవాబు చెప్తుంది. నా ప్రాణం తోడేస్తోందనుకో.

మేనేజరు కులాసా. నువ్వు చదువుకి వెళ్తూ కొనిచ్చిన రోజు అరచేతిలో పట్టే తాబేలు, ఈ ఎనిమిదేళ్లలో పళ్లెమంత అయ్యాడు. మెడ చాచి ఇల్లంతా తనిఖీ చేస్తూ తిరగడం మాత్రం మారలేదు. మా వీధిలో పైపులు మారుస్తున్నారని నెల రోజులుగా ఇంట్లో కుళాయి చుక్క రాల్చడం లేదు. అయినా దొరగారికి స్నానం ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు. డిప్ప అద్దంలా మెరుస్తోంది.

సరే, నీ పురుగు కడుపులోకి ఎలా దూరుతుందో నాకు అర్థమయ్యేలా రాయి. చిన్నప్పుడు పాఠాలన్నీ నాకే అప్పజెప్పేదానివి. ఇది కూడా అప్పజెప్పు.

మీ పిన్ని

* * *

ప్రయోగశాల, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
గురువారం

పిన్నీ,

తింటున్నాను. నిద్రపోతున్నాను. ఇక పాఠం.

నా పురుగు పేరు సాల్మొనెల్లా. ఎవరో ఒకరి కడుపులోంచి బయటపడి నీళ్లకో, తిండికో, చేతికో అంటుకుని మన నోట్లోకి చేరుతుంది. మింగినవాటిలో ఎక్కువ భాగం పొట్టలో పులుపుకే చస్తాయి. తట్టుకున్నవి పేగులోకి దిగుతాయి. దిగాక కూడా చోటు దొరకదు. మన సొంత పురుగులు కోట్ల కొద్దీ అక్కడ ముందే కూర్చుని ఉంటాయి. సెలవు ముందు రోజు బస్సు ఎలా ఉంటుందో అలా అన్నమాట. మంచివి పిన్నీ అవి, వాటికి దండం పెట్టుకోవాలి.

ఇది ఆ తోపులాటలోంచి ఈదుకుంటూ పేగు గోడ దాకా వెళ్లి అంటుకుంటుంది. దీని ఒంటి మీద సన్నటి సూదుల్లాంటివి ఉంటాయి. వాటితో గోడలోని కణానికి తన సరుకు ఎక్కిస్తుంది. ఆ సరుకు పడగానే కణం పైకి ఉబ్బి, దీని చుట్టూ ముసుగు కప్పినట్టు కప్పేసి, తనే లోపలికి లాక్కుంటుంది. నాకు మొదటిసారి చూపించినప్పుడు నమ్మలేదు. అది తాళం పగలగొట్టదు పిన్నీ, మన చేతే తలుపు తీయించుకుంటుంది.

తర్వాత అసలు టక్కు. ఒళ్లు దీన్ని తరిమేద్దామని పేగులో మంట పుట్టిస్తుంది. ఆ వేడికి పాపం మన సొంత పురుగులే ముందు పోతాయి. ఇది మాత్రం ఆ మంటలోనే బలుస్తుంది. జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి, అంతా ఆ గొడవే. పెద్దవాళ్లు ఐదారు రోజుల్లో తేరుకుంటారు. పసిపిల్లలకి కష్టం.

సూది తీసే సమయం వచ్చిందని దానికి ఎలా తెలుస్తుందన్నది నా పని. మా సారు దీన్నే పదిహేనేళ్లుగా చూస్తున్నారు, ఇంకా విసుగు రాలేదట.

కొన్ని జంతువుల కడుపులో ఇది ఏ గొడవా లేకుండా హాయిగా కాపురం చేసుకుంటుంది. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

మేనేజరుని అడిగానని చెప్పు. అన్నట్టు, చేతులు బాగా కడుక్కుంటున్నావు కదా?

నీ అమ్మాయి

* * *

ఇంట్లో, ముందు గది
శుక్రవారం

బంగారు తల్లీ,

నా చేతుల సంగతి అడిగావు. పంతొమ్మిదేళ్లుగా ఆ వంటగది గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్లనీ "ముందు చేతులు!" అని అరుస్తున్నది నేనే. ఇవాళ ఆ గుమ్మానికే తాళం వేశారు.

పోయిన ఆదివారం నుంచి పిల్లలకి వాంతులు, విరేచనాలు, జ్వరం. మొదట ఇద్దరు, తర్వాత నలుగురు, ఇప్పుడు ఏడుగురు. గుండుపాపని ఆసుపత్రిలో పెట్టారు. వెళ్లి చూశాను. బుగ్గలు పీక్కుపోయాయి, ఆ చిట్టి చేతికి సెలైన్ సూది. నన్ను చూసి నోరు తెరిచింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. నా గుండె చెరువైపోయింది.

డాక్టరు రాసిన కాగితం మీద నీ పురుగు పేరే ఉంది. నీ ఉత్తరంలో చూసిన పేరు కదా, చప్పున గుర్తుపట్టాను.

ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చింది. వండినవి, వండనివి, నీళ్లు, అన్నీ సీసాల్లో పట్టుకెళ్లింది. వంటగది వాళ్లందరినీ పరీక్షకి ఇవ్వమంది. కారణం తేలేదాకా పొయ్యి వెలిగించకూడదట. కేంద్రం నడిపే పెద్ద మేడం నా వైపు చూసిన చూపు ఉంది చూశావూ, నాకు తల కొట్టేసినట్టయింది. ఈ గరిటె పోతే నేనేం చేస్తానే? నాకు వేరే పని చేతకాదు, ఆ పిల్లలు తినకపోతే నాకు ముద్ద దిగదు.

నాకు తెలిసింది నేను చెప్పాను. నిదానానికి ఆ ముందు వారం రెండు రోజులు కడుపులో బాగోలేదు. నాతో చెప్పనైనా చెప్పకుండా పనికి వచ్చేసింది. అది మేడంకి చెప్పాను. ఆవిడని ఇంటికి పంపేశారు. వెళ్తూ నా వైపు చూసింది, ఎప్పట్లాగే ఏమీ మాట్లాడలేదు. తప్పు లేకపోతే నోరు విప్పి చెప్పొచ్చు కదా?

పిన్ని

* * *

ప్రయోగశాల
మంగళవారం

పిన్నీ,

ముందు గుండుపాప సంగతి. ఒంట్లో నీరు నిలబెడితే చాలావరకు గండం గట్టెక్కినట్టే. నువ్వు భయపడకు.

ఇక నిదానంగారి సంగతి. కోప్పడకుండా చదువు. ఆవిడకి ముందు జబ్బు చేసిందంటే ఆవిడే తెచ్చినట్టు కాదు. పిల్లలకి ఎక్కడ నుంచి అంటిందో ఆవిడకీ అక్కడే అంటి ఉండొచ్చు. రోజంతా ఆ వంటగదిలోనే కదా ఉండేది. నువ్వు తొందరపడ్డావేమోనని నా అనుమానం.

పంతొమ్మిదేళ్లు రానిది ఇప్పుడు వచ్చిందంటే ఈ మధ్యే ఏదో మారింది. నువ్వు కూర్చుని, ఈ రెండు నెలల్లో ఆ వంటగదిలోకి కొత్తగా వచ్చినవన్నీ రాయి. మనుషులు, సామాన్లు, సరుకులు, ఆఖరికి చీపురు కూడా. ఇది చిన్న విషయంలే అనిపించినా వదలకు. వెంటనే పోస్టు చెయ్యి.

నీ అమ్మాయి

* * *

ఇంట్లో
శుక్రవారం

అమ్మా ఇన్‌స్పెక్టరు నంబర్ టూ,

రాస్తున్నాను, రాసుకో. కొత్త చీపురు ఒకటి. పాల డబ్బాలు తెచ్చే మనిషి మారాడు, కానీ పాలు అవే, నేనే మరిగిస్తాను. బంగాళాదుంపల బస్తా ఒకటి అడుగున కుళ్లింది, వెనక్కి పంపేశాను. గుడ్లు ఎప్పటి దుకాణం నుంచే, గట్టిగా ఉడకనిదే పిల్లలకి పెట్టను. జల్లెడ కొత్తది. సింకు పక్కన బండ ఒకటి కదిలితే సిమెంటు పూయడానికి మేస్త్రీ వచ్చాడు, గంటలో పోయాడు. మేనేజరు తొట్టి. పీచులు అరడజను. కిటికీకి దోమల తెర.

తొట్టి సంగతి ఏంటంటే, ఇంట్లో నీళ్లు లేవని రాశాను కదా. పొద్దున్నే మేనేజరుని బకెట్లో పెట్టుకుని వెంట తీసుకెళ్తున్నాను. పిల్లలు రాకముందే సింకులో నిలబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో డిప్ప, కాళ్లు, గోళ్లు శుభ్రంగా తోముతాను. తొట్టి కూడా అక్కడే కడిగేస్తాను. తర్వాత సింకుని పీచుతో రుద్ది రుద్ది కడుగుతాను, మచ్చ ఉండదు. ఆ తర్వాతే పిల్లలకి పెట్టే పళ్లు కడగడం, వాళ్ల గ్లాసులు కడగడం. దొరగారు సాయంత్రం దాకా వెనక వరండాలో తొట్టిలో ఉంటారు. పిల్లల్ని దగ్గరికి కూడా రానివ్వను, వాళ్ల జిడ్డు చేతులు వేస్తే వాడికి జబ్బు చేస్తుందని.

ఇంతే. ఇందులో ఏం దొరికిందో చెప్పు. అన్నం సయించడం లేదు, త్వరగా రాయి.

పిన్ని

* * *

ప్రయోగశాల, మెట్ల మీద కూర్చుని
సోమవారం

పిన్నీ,

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. సూటిగా చెప్పేస్తాను. మేనేజరే.

కొన్ని జంతువుల కడుపులో ఆ పురుగు హాయిగా కాపురం చేస్తుందని రాశాను కదా. అందులో తాబేళ్లు ఉన్నాయి. తాబేలుకి ఏమీ కాదు. చక్కగా తింటుంది, మెడ చాచి చూస్తుంది. కానీ దాని పెంటలోంచి పురుగు నీళ్లలోకి వస్తుంది, నీళ్లలోంచి డిప్పకీ కాళ్లకీ అంటుకుంటుంది. కంటికి కనపడదు, వాసన రాదు. నువ్వు వాణ్ని ఎంత శుభ్రంగా తోమితే సింకులోకి అంత దిగింది. సింకు రుద్దిన పీచుకి అంటింది, పీచు నుంచి గ్లాసులకి పాకింది. నువ్వు పిల్లల జిడ్డు వాడికి అంటకుండా కాపాడావు. అడ్డం పెట్టాల్సింది రెండో వైపు, వాడి నుంచి పిల్లలకి.

ఇప్పుడు నా తప్పు. నీ తప్పు తెలియక చేసింది, నాది తెలిసి చేసింది. నా చదువు మూడో ఏట, క్లాసులో మాస్టారు తాబేలు బొమ్మ వేసి ఇదంతా చెప్పారు. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం మొదలుపెట్టాను. ముందు రోజే నీ ఉత్తరం వచ్చింది. "ఇంటికొస్తే తలెత్తి నన్ను చూసేవాడు మేనేజరొక్కడే" అని రాశావు అందులో. నా కలం ఆగిపోయింది. పిన్ని ఒక్కతే ఉంటుంది, పసిపిల్లలు లేని ఇల్లు, చేతులు కడుక్కునే మనిషి, ఏమీ కాదులే అనుకున్నాను. అలా ఐదేళ్లు అనుకుంటూనే ఉన్నాను. పోయిన నెల పాఠం రాస్తూ కూడా ఆ వాక్యం దగ్గరికి వచ్చి తప్పించుకున్నాను. రోజంతా ఈ పురుగుతోనే ఉంటూ, అది ఇంట్లోకి ఎలా దూరుతుందో అందరికీ చెప్తూ, మన ఇంట్లోకి నేనే కొనిచ్చి పంపానని నీకొక్కదానికి చెప్పలేకపోయాను.

ఇన్‌స్పెక్టరుకి ఈ రోజే చెప్పు. సింకు, పీచు, తొట్టి పరీక్ష చెయ్యమను. నేను కొనిచ్చానని, నాకు తెలుసునని కూడా చెప్పు. కావాలంటే ఈ ఉత్తరం చూపించు.

నన్ను తిట్టు పిన్నీ. కానీ రాయి.

* * *

ఇంట్లో
గురువారం

ఉత్తరం చదివాను. ఇప్పుడు నీకు రాసే ఓపిక లేదు. నా మీద జాలిపడి దాచావా? ఆ జాలి గుండుపాప చేతికి సూదైంది. ముందు మేడం దగ్గరికి వెళ్తున్నాను. ఆ తర్వాత నిదానం ఇంటికి. అక్కడికి వెళ్లడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

* * *

ఇంట్లో, పెరటి మెట్టు మీద
మూడు వారాల తర్వాత, ఆదివారం

డాక్టరమ్మకి,

నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలూ అందాయి. ఐదోది రాయకు, పోస్టు మనిషి నన్ను వింతగా చూస్తున్నాడు. కోపం ఉంది, కానీ ముద్ద దిగనంత లేదు.

నువ్వు అన్నదే నిజమైంది. సింకు జాలీలో, పీచులో, తొట్టిలో, మూడు చోట్లా అదే పురుగు. పిల్లల్లో దొరికినదాన్నీ దీన్నీ జన్యువులు పోల్చి చూశారట, అచ్చం ఒకటే. ఇంకో సంగతి విను. నిదానం పరీక్షలో ఏమీ లేదు. నా పరీక్షలో ఉంది! నాకు ఒక్క పూట కడుపు నొప్పైనా రాలేదు, అయినా నా పేగులో కాపురం పెట్టిందట. నేను వేలెత్తి చూపించిన మనిషి కడిగిన ముత్యం, మోసుకు తిరిగింది నేను. వరసగా మూడు పరీక్షలు శుభ్రంగా వస్తేగానీ పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. ఆ తర్వాతైనా ఉంచుకోవాలో వద్దో తల్లులే తేలుస్తారని మేడం అంది.

నిదానం ఇంటికి వెళ్లిన రోజు సంగతి చెప్పాలి. గుమ్మంలోనే నిలబడి, "నేను నీ మీద చెప్పింది తప్పు. తెచ్చింది నేనే. నన్ను క్షమించు" అన్నాను. ఆవిడ నన్ను చూసింది. చూసింది. ఇంకా చూసింది. ఆఖరికి, "కూర్చో అక్కా" అంది. అంతే! దాని కోసం అంతసేపు ఆలోచించాలా? నాకు నవ్వొచ్చి, నవ్వుతూనే ఏడ్చేశాను.

గుండుపాప ఇంటికి వచ్చేసింది. ఇంకా నీరసంగానే ఉందట. ఇప్పుడు వంటగదిలో గరిటె నిదానం చేతిలో ఉంది. నేను పెరట్లో మెట్టు మీద. నాకు ఎదురుగా మేనేజరు. ఇంట్లో కుళాయి మళ్లీ వస్తోంది, వాడి స్నానం ఇప్పుడు ఇక్కడే. వాణ్ని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. పారేయమనకు, వాడికేం తెలుసు పాపం.

పిన్ని

* * *

ప్రయోగశాల
బుధవారం

పిన్నీ,

నీ దస్తూరీ చూడగానే ఏడ్చాను. మా సారు చూసి పరీక్ష పాడైందనుకున్నారు. అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "పదిహేనేళ్లుగా నేను సూది చూస్తున్నాను, సింకు చూడలేదు" అన్నారు. ఇన్‌స్పెక్టరు దగ్గరి నుంచి మీ పురుగుని మా ఫ్రిజ్‌కి తెప్పించారు. ఎర్రటి జెల్లీ పళ్లెంలో నల్లచుక్కల్లా పెరిగింది. డబ్బా మీద "మేనేజరు-1" అని రాశాం.

వాణ్ని ఎందుకు పారేస్తావు? పెరట్లోనే ఉంచు. తొట్టి వేరే, బ్రష్షు వేరే, బకెట్ వేరే, మూడింటికీ ఎర్ర దారం కట్టు. నీళ్లు మురుగు తూములోనే పొయ్యి, ఇంట్లో ఏ సింకులోనూ కాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు. పసిపిల్లల్ని ఆ పెరట్లోకి రానివ్వకు. ఇది ఎనిమిదేళ్ల కిందట, వాణ్ని నీ చేతిలో పెట్టిన రోజు చెప్పాల్సింది. అప్పుడు నాకు తెలియదు. తెలిశాక చెప్పాల్సింది.

శనివారం బస్సుకి వస్తున్నాను. ఆ తల్లుల ముందు నేనే చెప్తాను.

నీ అమ్మాయి

* * *

పిల్లల కేంద్రం, వెనక వంటగది
సోమవారం, పిల్లలు పడుకున్న వేళ

నా పిచ్చితల్లికి,

పైన చోటు పేరు చూశావా? బాగా చూడు. కూరల బుట్ట మీద కూర్చుని రాస్తున్నాను.

రెండు నెలలు పట్టింది. మూడో పరీక్ష కాగితం శుక్రవారం వచ్చింది, ఏమీ లేదు. శనివారం తల్లులంతా కూర్చున్నారు. అప్పట్లో నువ్వు బస్సు దిగి వచ్చి వాళ్ల ముందు అంతా ఒప్పుకున్నది వాళ్లు మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. ఈసారి నన్ను రానివ్వలేదు. ఏం జరిగిందో నిదానం వచ్చి చెప్పింది. ఎవరు ముందు లేచారు, ఏ రంగు చీర కట్టుకున్నారు, కుర్చీ ఎటు జరిపారు, అంతా అయ్యాకగానీ అసలు సంగతికి రాలేదు. గుండుపాప తల్లి లేచిందట. "నాకు కోపం పోలేదు. కానీ ఆవిడ దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పింది. నా పిల్లకి ఆవిడే వండాలి" అందట.

ఇవాళ పొద్దున్న వచ్చాను. వంటగది నాదేననుకుంటూ చొరవగా లోపలికి అడుగుపెట్టి, గరిటె కోసం చెయ్యి చాచాను. నిదానం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గరిటె వెనక్కి పెట్టుకుంది. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ముందు చేతులు, అక్కా" అంది.

పంతొమ్మిదేళ్లుగా నేను అందరి మీదా అరిచిన మాట! కొత్త సింకు దగ్గరికి వెళ్లి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా కడుక్కున్నాను. తిరిగి చూస్తే ఇంకా అలాగే నిలబడి ఉంది. మళ్లీ కడుక్కున్నాను. అప్పుడు గరిటె నా చేతికిచ్చి, తన పీట మీద కూర్చుని క్యారెట్టు అందుకుంది. ఆవిడకి ఎంత రుణపడ్డానో ఆ పూటంతా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను, పైకి మాత్రం "త్వరగా తరుగు తల్లీ" అన్నాను.

మధ్యాహ్నం గుండుపాప రెండోసారి పెట్టమని గిన్నెతో నేల మీద మోత మోగించింది. అంత తియ్యటి చప్పుడు నా జన్మలో వినలేదు. మూడోసారి కూడా పెట్టాను.

మేనేజరు పెరట్లో ఎర్ర దారం కట్టిన తొట్టిలో కులాసా. మెడ చాచి చూస్తాడు. నేనూ చూస్తాను. తర్వాత వెళ్లి చేతులు కడుక్కుంటాను.

ఇక నీ సంగతి. ఇంకేమైనా దాచావా? ఉంటే ఈ ఉత్తరం అందగానే రాసెయ్యి. తిడతాను. తిట్టాక మళ్లీ ఉత్తరం రాస్తాను. నేను ఒక్కదాన్నే ఉంటానని నువ్వు బెంగపడకు. ఇక్కడ ముప్ఫై ఒక్క మంది ఇప్పుడే నిద్ర లేస్తున్నారు, అందరికీ ఆకలేస్తోంది.

మీ పిన్ని